బేస్ ఎత్తేస్తామని బెదిరిస్తే యూనియన్ ఏం చేయగలదు?

నీలిరెక్కలు:

అందరికీ నమస్కారం. మా చెల్లి పెళ్లయ్యాక యూరప్‌లో స్థిరపడింది. అక్కడ ఒక చౌక టికెట్ల విమాన సంస్థలో క్యాబిన్ క్రూగా చేరి రెండేళ్లయింది. సంస్థ పేరు రాయను, తనకి ఇబ్బంది. విమానం మీద ఒక కంపెనీ పేరు, పే స్లిప్ మీద ఏదో ఏజెన్సీ పేరు, కాంట్రాక్టులో రాసిన చట్టం ఇంకో దేశానిది, తను అద్దెకుండే ఇల్లు మరో దేశంలో. పోయిన నెల జ్వరమొచ్చి నాలుగు రోజులు లేవలేకపోయింది. ఆ నాలుగు రోజులకీ ఒక్క పైసా రాలేదు, పైగా డ్యూటీకి తిరిగి వెళ్లిన రోజే కూర్చోబెట్టి అరగంట సంజాయిషీ అడిగారట.

తోటి అమ్మాయి ఒకామె యూనియన్‌లో చేరమంటోంది. ఇంకో సీనియర్ మాత్రం "పిచ్చి పని చేయకు, యూనియన్ వచ్చిందంటే ఈ బేస్ మూసేసి విమానాలు పక్క దేశానికి తీసుకుపోతారు, అందరం రోడ్డున పడతాం" అందట. బేస్ అంటే విమానాలు రాత్రి ఆగే, సిబ్బంది డ్యూటీ మొదలెట్టే ఎయిర్‌పోర్ట్. ఫ్యాక్టరీ అయితే యంత్రాలు విప్పడానికి నెలలు పడుతుంది, విమానం అయితే రేపు పొద్దున్నే ఎగిరిపోతుంది. నిజంగా అలా తీసుకుపోతారా? అలాంటప్పుడు యూనియన్ ఏం చేయగలదు? తెలిసినవాళ్లు చెప్పండి, చెల్లికి టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

షిఫ్ట్‌డ్యూటీ:

తీసుకుపోతారండీ. తీసుకుపోయారు కూడా. ఆ సీనియర్ అబద్ధం చెప్పలేదు, ముందు అది ఒప్పుకోవాలి.

2015 మార్చిలో ఐర్లండ్‌కి చెందిన చౌక టికెట్ల సంస్థ ర్యాన్‌ఎయిర్ డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగెన్‌లో బేస్ తెరిచింది. డెన్మార్క్‌లో కనీస వేతనం అని చట్టం లేదు. జీతం, సెలవు, పని గంటలు అన్నీ యూనియన్లకీ యజమానులకీ మధ్య కుదిరే ఒప్పందాల మీదే నడుస్తాయి. అక్కడి విమాన ఉద్యోగుల యూనియన్ వచ్చి మాతో ఒప్పందం చేసుకోండి అంది, కంపెనీ మావాళ్లవి ఐర్లండ్ కాంట్రాక్టులు, మీకు సంబంధం లేదు అంది. జూలై 1న అక్కడి లేబర్ కోర్టు యూనియన్‌కి సమ్మె హక్కు ఉంది, ఇతర యూనియన్లు సంఘీభావంగా పని ఆపే హక్కూ ఉంది అని తీర్పు ఇచ్చింది. ఆ రెండో ముక్కలోనే అసలు బలం ఉంది. విమానం లోపల ఉన్న నలుగురు అమ్మాయిలు పని ఆపితే కంపెనీ ఇంకో నలుగుర్ని తెస్తుంది. కానీ సామాన్లు ఎక్కించేవాడు, ఇంధనం పోసేవాడు, విమానాన్ని వెనక్కి నెట్టే ట్రాక్టర్ నడిపేవాడు చేతులు కట్టుకుంటే విమానం స్టాండ్ దగ్గరే ఉంటుంది.

కంపెనీ అంతదాకా రానివ్వలేదు. కోపెన్‌హేగెన్ బేస్‌ని లిథువేనియాలోని కౌనస్‌కి మార్చింది, డెన్మార్క్‌లోనే బిల్లుండ్‌లో ఉన్న బేస్ కూడా మూసేసింది. డెన్మార్క్‌కి విమానాలు నడపడం మాత్రం మానలేదు. రాత్రి నిద్ర వేరే దేశంలో, పొద్దున వచ్చి ప్యాసింజర్లని ఎక్కించుకుని పోవడం. బేస్ వేరు, రూట్ వేరు. యూనియన్ బేస్ దగ్గర బలంగా ఉంది, డబ్బు వచ్చేదేమో రూట్ మీద.

లెక్కలమాస్టారు:

మరి దీన్ని గెలుపు అనాలా? కోర్టులో గెలిచారు, ఉద్యోగాలు పోయాయి. నాకు ఈ విషయంలో యూనియన్ల మీద అంత నమ్మకం లేదు, దాచుకోను.

ఒకప్పుడు యూరప్‌లో ప్రతి దేశానికీ ఒక జాతీయ సంస్థ, వాళ్లు చెప్పిందే రేటు, రెండు దేశాల ప్రభుత్వాలు మాట్లాడుకుంటే తప్ప కొత్త సర్వీసు వచ్చేది కాదు. 1993లో ఆ తలుపులు తెరిచారు. 1997 ఏప్రిల్ నుంచి ఒక సభ్యదేశపు సంస్థ ఇంకో సభ్యదేశం లోపల రెండు ఊళ్ల మధ్య కూడా నడుపుకోవచ్చు అన్నారు. ఆ తర్వాతే కూలికి వలస వెళ్లినవాళ్లు కూడా ఏడాదికి మూడుసార్లు ఇంటికి వెళ్లి అమ్మానాన్నల్ని చూసి రాగలిగారు. బస్సులో రెండు రోజులు కూర్చునే బాధ తప్పింది. వాళ్లూ కార్మికులే కదా. యూనియన్ వచ్చి ఖర్చు పెంచితే ఆ టికెట్ ధర ఎవరి నెత్తిన పడుతుంది?

కాక్‌పిట్_కబుర్లు:

మాస్టారూ, మీ ప్రశ్న న్యాయమైనదే, కానీ చౌక టికెట్ ఎక్కడి నుంచి వస్తుందో ఒకసారి చూడండి. ఒకే రకం విమానం, కాబట్టి ట్రైనింగ్, విడిభాగాలు, మెకానిక్‌లు అంతా ఒకటే. దిగిన ఇరవై అయిదు నిమిషాల్లో మళ్లీ బయల్దేరడం, అంటే ఒక విమానం రోజుకి ఆరు ట్రిప్పులు కూడా వేస్తుంది. ఏజెంటు కమీషన్ లేకుండా సొంత వెబ్‌సైట్‌లో అమ్మకం. ఊరికి దూరంగా ఉండే చిన్న ఎయిర్‌పోర్టులు. సీట్లు కిక్కిరిసి వేయడం. బ్యాగుకీ, సీటు ఎంచుకోడానికీ వేరే డబ్బులు. పొదుపులో ఎక్కువ భాగం ఇక్కడే ఉంది.

ఈ పద్ధతికి మూలం అమెరికాలోని సౌత్‌వెస్ట్. 1971లో ఎగరడం మొదలుపెట్టింది, ర్యాన్‌ఎయిర్ నేర్చుకున్నది అక్కడి నుంచే. ఆ సౌత్‌వెస్ట్ ఉద్యోగుల్లో నూటికి ఎనభై మందికి పైగా యూనియన్ సభ్యులు. పైలట్లకి ఒక యూనియన్, క్యాబిన్ క్రూకి ఒకటి, మెకానిక్‌లకి ఒకటి. అయినా దశాబ్దాల పాటు లాభాల్లోనే నడిచింది. చౌక సంస్థ ఈజీజెట్ కూడా బ్రిటన్‌లో పైలట్ల యూనియన్‌తో ఒప్పందాలు చేసుకుంటూనే ఉంది. కాబట్టి చౌకగా నడపాలంటే యూనియన్ ఉండకూడదు అనేది ఎవరో అల్లిన మాట.

నేను ఉద్యోగం మానేసి చాలా కాలమైంది గానీ ఒక్క విషయం ఇప్పటికీ కళ్లకి కడుతుంది. చాలా చోట్ల క్యాబిన్ క్రూకి డబ్బు లెక్కేసేది విమానం కదిలిన దగ్గర నుంచి ఆగేవరకే. ఆలస్యమైతే టెర్మినల్‌లో మూడు గంటలు, శుభ్రం చేసే టైము, ఎక్కించే టైము, ఇవన్నీ లెక్కలోకి రావు. ఒకసారి మంచు పడి స్టాండ్ మీదే రెండున్నర గంటలు ఉన్నాం. వెనక గ్యాలీలో ఒక చిన్నమ్మాయి ఏడుస్తున్న పిల్లల్ని సముదాయిస్తూ, నీళ్లు అందిస్తూ, తిట్లు తింటూ నిలబడి ఉంది. ఆ రెండున్నర గంటలకి ఆమెకి వచ్చింది సున్నా. నాకు నెల జీతం ఉంది, ఆమెకి లేదు. సిగ్గేసింది.

చట్టంచూపు:

నీలిరెక్కలు గారూ, మీ చెల్లెలి కాంట్రాక్టులో ఏ దేశం చట్టం రాసి ఉన్నా అదే ఆఖరి మాట కాదు. బెల్జియంలోని షార్లెరాయ్ ఎయిర్‌పోర్ట్ నుంచి పనిచేసిన ఆరుగురు క్యాబిన్ క్రూ కేసు ఇది. కొందరిని ర్యాన్‌ఎయిర్ నేరుగా తీసుకుంది, కొందరు క్రూలింక్ అనే ఏజెన్సీ ద్వారా వచ్చారు. గొడవలొస్తే ఐర్లండ్ కోర్టుకే వెళ్లాలి అని కాంట్రాక్టులో ఉంది. విమానం ఐర్లండ్‌లో రిజిస్టరైంది కాబట్టి వాళ్లు పనిచేసేది ఐర్లండ్‌లోనే అనేది కంపెనీ వాదన.

2017 సెప్టెంబర్ 14న యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం ఈ వాదన ఒప్పుకోలేదు. ఉద్యోగి రోజు ఎక్కడ మొదలవుతుంది, డ్యూటీ అయ్యాక ఎక్కడికి తిరిగొస్తారు, ఆదేశాలు ఎక్కడ అందుతాయి, విమానం రాత్రి ఎక్కడ ఆగుతుంది, ఇవి చూడాలంది. కాంట్రాక్టులోనే బేస్‌కి గంట దూరంలో ఇల్లు ఉండాలని షరతు ఉంది, మరి పని అక్కడ కాకపోతే ఆ షరతు ఎందుకు? హోమ్ బేస్, అంటే ఉద్యోగికి కేటాయించిన బేస్, ఒక్కటే నిర్ణయించదు గానీ చాలా ముఖ్యమైన ఆధారం అని తేల్చింది. విమానం రెక్క మీద ఏ దేశం గుర్తు ఉంటే ఆ దేశమే పనిచేసే చోటు అనడం కుదరదు అంది. కేసు వెనక్కి వెళ్లాక 2019లో మోన్స్ నగరపు కోర్టు బెల్జియం చట్టమే వర్తిస్తుందని చెప్పింది.

జ్వరం విషయం వేరు. 2012 జూన్ నుంచి యూరోపియన్ యూనియన్‌లో విమాన సిబ్బంది సామాజిక భద్రత, అంటే జబ్బు సెలవు భత్యం లాంటివి, హోమ్ బేస్ ఉన్న దేశం కిందకే వస్తాయి. చెల్లెల్ని తన వాటా ఏ దేశానికి కడుతున్నారో పే స్లిప్‌లో చూడమనండి.

నీలిరెక్కలు:

చాలా థాంక్స్ అండీ. తనతో మాట్లాడాను. తన కాంట్రాక్టులో కూడా గంట దూరం షరతు ఉంది! ఇన్నాళ్లూ అది కేవలం స్టాండ్‌బై కోసం అనుకుందట. కానీ ఒక్క మనిషి కోర్టుకెళ్తే ఏళ్లు పడుతుంది, ఈలోగా రోస్టర్‌లో, అంటే డ్యూటీల పట్టికలో, కసి తీర్చుకోరా?

షిఫ్ట్‌డ్యూటీ:

ఒక్కరే వెళ్తే తీర్చుకుంటారు. అందుకే 2017, 2018లో ఏం జరిగిందో రాస్తాను, కాస్త పెద్దదవుతుంది, ఓపిగ్గా చదవండి.

ర్యాన్‌ఎయిర్ మొదలైన దగ్గర నుంచి ముప్పై ఏళ్లకి పైగా ఏ యూనియన్‌నీ గుర్తించలేదు. 1998లో డబ్లిన్‌లో సామాన్లు మోసేవాళ్లు సమ్మె చేస్తే ఎయిర్‌పోర్ట్ మొత్తం మూతపడింది, అయినా గుర్తింపు రాలేదు. 2007లో ఐర్లండ్ సుప్రీంకోర్టులో కూడా కంపెనీదే పైచేయి అయింది. ఆ కంపెనీలో యూనియన్ అనేది జరగని పని అని అందరూ వదిలేసుకున్న దశ అది.

2017 సెప్టెంబర్‌లో రోస్టర్ తప్పింది. సెలవుల లెక్క మార్చాల్సి వచ్చి, ఒకేసారి బోలెడుమందికి సెలవు ఇవ్వాల్సి వచ్చి, పైలట్లు చాలక వేల ఫ్లైట్లు రద్దయ్యాయి. ఏడు లక్షల మంది ప్యాసింజర్ల ప్రయాణాలు దెబ్బతిన్నాయి. తాము లేకపోతే బండి కదలదని పైలట్లకి ఆ వారాల్లో కళ్ల ముందు కనబడింది. ఒక బేస్ వాళ్లు ఇంకో బేస్ వాళ్లతో వాట్సాప్‌లో మాట్లాడుకోవడం మొదలైంది. క్రిస్మస్ ముందు, డిసెంబర్ 20న సమ్మె అని ఐర్లండ్ పైలట్లు నోటీసు ఇచ్చారు, ఇటలీ, జర్మనీ, పోర్చుగల్‌లో కూడా వేడి పుట్టింది. డిసెంబర్ 15న కంపెనీ దిగొచ్చి యూనియన్లని గుర్తిస్తాం, చర్చలకి రండి అని ఉత్తరాలు రాసింది. ఒక్క దేశంలోనే అయి ఉంటే ఆ దేశంలో విమానాలు తగ్గించి సరిపెట్టేవాళ్లు. ఒకేసారి నాలుగైదు చోట్ల వస్తే విమానాలు ఎక్కడికి తీసుకుపోతారు?

గుర్తింపు అంటే ఒప్పందం కాదు, అది వాళ్లకి తొందరగానే తెలిసింది. 2018 జూలై మొదట్లో అనేక దేశాల క్యాబిన్ క్రూ డబ్లిన్‌లో కలిసి కూర్చున్నారు. అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్య, యూరప్ సమాఖ్య రెండూ వెనక ఉన్నాయి. 34 డిమాండ్లతో ఒక పత్రం రాశారు. స్థానిక చట్టం ప్రకారం కాంట్రాక్టు, ఏజెన్సీ వాళ్లకీ నేరుగా తీసుకున్నవాళ్లకీ ఒకే నిబంధనలు, జబ్బు చేస్తే జీతం, విమానంలో అమ్మకాల టార్గెట్ల వేధింపు ఆపడం. మీ చెల్లెలి బాధలు ఇందులో ఉన్నాయి చూడండి. జూలై 25, 26న స్పెయిన్, పోర్చుగల్, బెల్జియంలో సమ్మె చేస్తే 600 ఫ్లైట్లు ఆగాయి. ఆగస్టు 10న అయిదు దేశాల పైలట్లు ఒకే రోజు ఆపితే 400 ఫ్లైట్లు, 55,000 మంది.

మధ్యలో బెదిరింపు రాకపోలేదు. డబ్లిన్‌లో 30 విమానాలని 24కి తగ్గిస్తాం అని 300 మందికి నోటీసులు పంపారు. ఎవరూ బెదరలేదు. ఆగస్టు చివర్లో ఐర్లండ్ పైలట్లతో ఒప్పందం కుదిరింది, ఆ కోత నిర్ణయం వెనక్కి పోయింది. జర్మనీ, ఇటలీ క్యాబిన్ క్రూకి కూడా ఆ ఏడాదిలోనే స్థానిక చట్టం కింద ఒప్పందాలు వచ్చాయి.

కిటికీసీటు:

అంతా బాగానే ఉంది గానీ మా సంగతి కూడా ఎవరైనా ఆలోచించండి. ఒక సమ్మెలో నేను ఇరుక్కున్నాను, ఏ సంస్థో వద్దులెండి. మెసేజ్ వచ్చింది రాత్రి పదకొండింటికి, ఫ్లైట్ పొద్దున ఆరింటికి. కౌంటర్ దగ్గర ఎవరూ లేరు. మా అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఆవిడని కుర్చీల మధ్య నేల మీద శాలువా పరిచి పడుకోబెట్టాను. తెల్లవార్లూ నేను గోడకి ఆనుకుని కూర్చుని సమ్మె చేసినవాళ్లని తిట్టుకున్నాను. మూడు రోజుల తర్వాత టికెట్ డబ్బు మాత్రం వాపసు ఇచ్చారు, సమ్మె మా చేతిలో లేదు కాబట్టి పరిహారం రాదన్నారు.

చట్టంచూపు:

అమ్మగారికి అలా జరగడం చాలా బాధగా ఉంది. కానీ పరిహారం రాదని వాళ్లు చెప్పింది నిలిచే మాట కాదు. 2021 మార్చిలో అదే యూరప్ న్యాయస్థానం ఎస్ఏఎస్ అనే విమాన సంస్థ కేసులో స్పష్టంగా చెప్పింది. సొంత ఉద్యోగులు చట్టబద్ధంగా, జీతాల కోసం చేసే సమ్మె, పరిహారం ఇవ్వకుండా తప్పించుకోడానికి వీలిచ్చే అసాధారణ పరిస్థితి కిందకి రాదు. ఉద్యోగులతో గొడవ అనేది వ్యాపారంలో భాగమే, దాన్ని తేల్చుకునే వీలు యజమానికి ఉంది. కాబట్టి దూరాన్ని బట్టి 250, 400, 600 యూరోలు ఇవ్వాల్సిందే. ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ వాళ్ల సమ్మె అయితే వేరు.

ఇది ప్యాసింజర్‌కి మేలు చేసిన తీర్పే గానీ యూనియన్‌కి కూడా బలమే. ముందు సమ్మె జరిగితే టికెట్ డబ్బు తిరిగిచ్చి చేతులు దులుపుకునేవాళ్లు. ఇప్పుడు సమ్మె దాకా రానివ్వడం ఎంత ఖరీదో లెక్క వేసుకోవాలి. మీరు పరిహారం అడగడం సమ్మె చేసినవాళ్లకి ఎదురు నిలబడటం కాదు.

కిటికీసీటు:

ఇది నాకు తెలియదు. తేదీ చూసుకుని గడువు ఉంటే ఇవాళే అప్లై చేస్తాను.

లెక్కలమాస్టారు:

షిఫ్ట్‌డ్యూటీ గారూ, మీరు రాసింది చదివాక నా మాట కొంత వెనక్కి తీసుకుంటాను. సౌత్‌వెస్ట్ విషయం నేను ఆలోచించలేదు. అయినా రెండు సందేహాలు. ఒకటి, యూనియన్లలో యూనియన్లకే పడదు కదా. 2022లో స్పెయిన్‌లో యూఎస్ఓ, సిట్‌క్‌ప్లా అనే యూనియన్ల వాళ్లు నెలల తరబడి సమ్మె చేశారు, ర్యాన్‌ఎయిర్ మాత్రం సీసీఓఓ అనే ఇంకో యూనియన్‌తో ఒప్పందం చేసుకుంది. అలాంటప్పుడు రోడ్డు మీద నిలబడ్డవాళ్ల గతేంటి? రెండు, సరిహద్దు దాటే సమ్మెలని కోర్టులే కట్టిపడేసిన సందర్భాలు ఉన్నాయి కదా?

కాక్‌పిట్_కబుర్లు:

రెండూ నిజమే. మొదటిదానికి నా దగ్గర మంచి జవాబు లేదు. ఆ చీలిక వల్ల అక్కడి క్రూ చాలా నష్టపోయారు. పోటీ యూనియన్ సంతకం పెట్టిన రోజున ఉదయం నుంచి ప్లకార్డు పట్టుకుని నిలబడినవాళ్ల స్థితిలో ఉండి చూడండి. యజమాని కంటే ముందు సాటివాడి మీద కోపం వస్తుంది.

రెండోది, 2007 డిసెంబర్‌లో అదే యూరప్ న్యాయస్థానం నుంచి వైకింగ్, లావాల్ అని రెండు తీర్పులొచ్చాయి. వైకింగ్‌ది ఓడ కేసు. ఫిన్లాండ్ జెండా తీసేసి ఎస్టోనియా జెండా పెట్టి చౌకగా సిబ్బందిని తెచ్చుకుంటామంటే యూనియన్ అడ్డుపడింది. సమ్మె హక్కు ఉంది, కానీ కంపెనీ ఇంకో దేశంలో వ్యాపారం పెట్టుకునే స్వేచ్ఛకి అది అతిగా అడ్డం రాకూడదు అన్నారు. 2008లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ వేరే దేశం నుంచి నడిపేందుకు ఓపెన్‌స్కైస్ అనే సంస్థ పెడితే బ్రిటన్ పైలట్లు సమ్మెకి ఓటేశారు. కంపెనీ ఈ తీర్పు చూపించి రోజుకి పది కోట్ల పౌండ్ల నష్టపరిహారం వస్తుందంది. యూనియన్ వెనక్కి తగ్గింది. ఒక్క రోజుకే యూనియన్ దివాలా తీస్తుంది మరి.

ఓడల వాళ్లు ఈ బాధ 1948 నుంచీ పడుతున్నారు, అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్య అప్పుడే వేరే దేశపు జెండాలకి వ్యతిరేకంగా ప్రచారం మొదలుపెట్టింది. విమానాల్లో నార్వేజియన్ అనే సంస్థ అదే దారి పట్టింది. నార్వే కంపెనీ, ఐర్లండ్ రిజిస్ట్రేషన్, అమెరికా వెళ్లే రూట్‌కి ఆసియాలో తీసుకున్న సిబ్బంది. అమెరికా, యూరప్ పైలట్ల యూనియన్లు కలిసి మూడేళ్లు అడ్డుకున్నాయి. చివరికి 2016 డిసెంబర్‌లో అమెరికా రవాణా శాఖ అనుమతి ఇచ్చింది. ఓడిపోయారు. కానీ ఆ మూడేళ్లలో జెండా మార్చడం అనే మాట పార్లమెంటుల దాకా వెళ్లింది.

ఇక అన్నిటికంటే భయపెట్టేది సొంత వ్యాపారి పద్ధతి. పైలట్‌ని ఉద్యోగి అనరు, తన పేరు మీద ఒక చిన్న కంపెనీ ఉంటుంది, ఆ కంపెనీ గంటలు అమ్ముతుంది. 2015లో గెంట్ విశ్వవిద్యాలయం వాళ్లు యూరప్‌లో 6,600 మందికి పైగా పైలట్లని అడిగితే ఆరుగురిలో ఒకరికి మించి సంస్థలో నేరుగా ఉద్యోగులు కారని తేలింది. తనకి తానే యజమాని అయినవాడు ఎవరి మీద సమ్మె చేస్తాడు? ఒంట్లో బాగోకపోయినా, అలసిపోయినా ఎగరలేను అని చెప్పడానికి జంకుతాడు. నూటఎనభై మంది వెనక కూర్చుని ఉంటారు. నాకు ఇది జీతం గొడవగా అనిపించదు, ప్రాణాల సంగతి.

కడలి:

మధ్యలో వస్తున్నాను. మన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్‌లో 2024 మేలో క్యాబిన్ క్రూ ఒకేసారి సిక్ లీవ్ పెట్టారు కదా, గల్ఫ్ ఫ్లైట్లు కూడా ఆగాయి. 25 మందిని తీసేసి, చీఫ్ లేబర్ కమిషనర్ దగ్గర చర్చలయ్యాక మళ్లీ తీసుకున్నారు. అలా సిక్ లీవ్ పెట్టడం మంచిదేనా?

షిఫ్ట్‌డ్యూటీ:

నోటీసిచ్చి చేసే సమ్మెకి ఉండే రక్షణ దానికి ఉండదు కడలి గారూ. వాళ్లకి యూనియన్ ఉండి, వెంటనే మాట్లాడేవాళ్లు ఉండబట్టి ఆ 25 మందీ వెనక్కి రాగలిగారు. అసలు అంతమంది ఒకేసారి ఆ దారి పట్టారంటే మామూలు దారిలో చెబితే వినేవాళ్లు లేరని అర్థం.

నీలిరెక్కలు గారూ, మీ చెల్లెలి సీనియర్‌కి ఇంకో సంగతి చెప్పండి. 2018 సమ్మెల తర్వాత నెదర్లాండ్స్‌లో ఐండ్‌హోవెన్ బేస్ మూసేస్తాం, పైలట్లు వేరే దేశానికి వెళ్లాలి అని ర్యాన్‌ఎయిర్ అంది. యూనియన్ కోర్టుకెళ్లింది. వాళ్లని బలవంతంగా బదిలీ చేయకూడదని నవంబర్‌లో తీర్పు వచ్చింది. బేస్ నిలబడలేదు, అది నేను దాచను. కానీ కొద్ది వారాల నోటీసుతో పెట్టె సర్దుకుని వెళ్లిపోవాల్సిన అవసరం వాళ్లకి రాలేదు. యూనియన్ లేకపోయినా బేసులు మూసేస్తారండీ, ఎయిర్‌పోర్ట్ రుసుం పెంచిందనో, రూట్ గిట్టుబాటు కాలేదనో. అప్పుడు మన వైపు అడగడానికి ఒకరు ఉన్నారా లేరా అన్నదే తేడా.

నీలిరెక్కలు:

నిన్న రాత్రి గంటసేపు వీడియో కాల్‌లో కూర్చుని తన రెండేళ్ల పే స్లిప్పులూ తీయించాను. చట్టంచూపు గారు చెప్పినట్టే చూస్తే, సామాజిక భద్రత కోత మొదటి ఏడాది ఒక దేశానికి, రెండో ఏడాది ఇంకో దేశానికి పోతోంది, బేస్ మాత్రం మారలేదు. మారినట్టు ఏ కాగితమూ ఇవ్వలేదట. డ్యూటీ మొదలైన చోటు, ముగిసిన చోటు కనబడేలా రోస్టర్లన్నీ స్క్రీన్‌షాట్ తీసి సొంత మెయిల్‌కి పంపుకోమన్నాను, ఉద్యోగం పోతే ఆ యాప్ తెరుచుకోదు కదా.

తన బేస్‌లో అరవై మందికి పైగా ఉన్నారు, పదకొండు మంది యూనియన్‌లో ఉన్నారట, అంతకు ముందు ఇద్దరో ముగ్గురో అనుకుంది. గురువారం డ్యూటీ లేదు, ఆ రోజు వాళ్ల ప్రతినిధిని కలవడానికి వెళ్తోంది. ఆ సీనియర్ కూడా వస్తానందట, సంతకం పెట్టను గానీ ఏం చెబుతారో వింటాను అని. అక్కడ ఏమేం అడగాలో ఒక జాబితా రాసిస్తారా? జబ్బు సెలవు డబ్బు వెనక్కి రావడం మొదటిది, మిగతావి మీరే చెప్పండి.